కెమికల్ సన్‌స్క్రీన్‌తో మెడ మీద దద్దుర్లు, కళ్లు మంట. మానేయాలా, మార్చాలా?

టెక్కలి_స్కూటీ | టెక్కలి

నమస్తే అండి. నాది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పొద్దున టెక్కలిలో బండి తీస్తే నందిగాం వైపో, సంతబొమ్మాళి వైపో వెళ్లి ఇంటికొచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఈ వేసవికి మందుల షాపులో ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ ఒకటి కొన్నాను. మొదట్లో బాగానే ఉంది. తర్వాత్తర్వాత చెమట పడితే చాలు, కళ్లు మండిపోతున్నాయి. ఇప్పుడు మెడకి రెండు పక్కలా, దవడ కింద ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఒకటే దురద.

ట్యూబు వెనక అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్, ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అని ఉంది, చివర్లో ఫ్రాగ్రెన్స్ అని ఉంది. వీడియోల్లో ఒకరేమో ఇవన్నీ రక్తంలో కలుస్తాయి, హార్మోన్లు పాడైపోతాయి అంటారు. ఇంకొకరేమో రాసుకోకపోతే మంగు ఖాయం అంటారు. రెండూ విని టెన్షన్ పట్టుకుంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఏటి చేయాలి?

రాజాం_ఫార్మసీ | రాజాం

అమ్మా, ముందు ఆ క్రీము ఆపేయండి. దద్దుర్లు తగ్గేదాకా ఇంకో క్రీము కూడా వద్దు. ఎండకి చున్నీ, టోపీ, పొడుగు చేతుల చొక్కా చాలు.

మీరు చెప్పినవి రెండు వేరు వేరు బాధలు. కళ్లు మండడం చాలామందికి ఉంటుంది. అవోబెంజోన్ లాంటివి చెమటతో కలిసి కంట్లోకి జారితే మండుతుంది. అది అలర్జీ కాదు, చల్లటి నీళ్లతో కడుక్కుంటే పోతుంది. నుదుటికి, కనురెప్పల దగ్గరకి జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము వాడితే ఆ మంట ఉండదు.

మెడ మీది దద్దుర్లు నాకు నచ్చలేదు. ఆలస్యంగా మొదలై, దురదతో, ఎండ తగిలిన చోటే లేస్తే అది ఫోటో అలర్జీ కావచ్చు. మందు ఒక్కటే ఉంటే ఏమీ కాదు, ఎండ ఒక్కటే ఉన్నా ఏమీ కాదు. ఎండ తగిలాక ఆ పదార్థం మారిపోతుంది. అప్పుడు ఒళ్లు దాన్ని శత్రువుగా చూస్తుంది. సన్‌స్క్రీన్ పదార్థాల్లో ఈ పేరు ఎక్కువగా మోసింది ఆక్సీబెంజోన్. ఆక్టోక్రిలీన్ కూడా తక్కువేం కాదు. ఫ్రాగ్రెన్స్ వల్లా, క్రీము పాడవకుండా వేసే ప్రిజర్వేటివ్‌ల వల్లా వచ్చే మామూలు అలర్జీలు వేరే ఉన్నాయి.

ఒకటి అడుగుతాను. మెడకి ఇంకేమైనా రాస్తున్నారా? నొప్పుల జెల్, జండూబామ్, సెంటు, ఏదైనా సరే. మాత్రలేమైనా వాడుతున్నారా? మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్, బీపీకిచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటివి కూడా ఎండకి చర్మాన్ని సున్నితం చేస్తాయి.

బొబ్బిలి_పెద్దమ్మ | బొబ్బిలి

మా కాలంలో వరికోతలకి, ఊడ్పులకి రోజంతా ఎండలోనే ఉండేవాళ్లం. నెత్తి మీద తువ్వాలు, చేతులకి పాత చొక్కా. ఆదివారం అరసవిల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని వచ్చేవాళ్లం. చర్మం జబ్బులున్నవాళ్లు ఇప్పటికీ అక్కడికి మొక్కు తీర్చుకోడానికి వస్తారు. మనకి ఎండే మందు అన్నారు పెద్దలు. పసుపు, గంధం ఉండగా ఈ రసాయనాలు పూసుకోవడం ఎందుకమ్మా? ఎండ తగలకపోతే డి విటమిన్ ఎక్కడినుంచి వస్తుంది?

టెక్కలి_స్కూటీ | టెక్కలి

రాజాం అన్నయ్యా, మీరు అడిగింది నిజమే. బండి నడిపి నడిపి మెడ పట్టేస్తోందని నొప్పుల జెల్ రాస్తున్నాను. ఇంట్లో అత్తయ్యగారి మోకాళ్లకి తెచ్చిందే. ఇప్పుడు తీసి చూశాను, కీటోప్రొఫెన్ అని ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

రాజాం_ఫార్మసీ | రాజాం

ఉంది తల్లీ, చాలా ఉంది.

కీటోప్రొఫెన్ జెల్ రాసిన చోట ఎండ తగిలితే ఫోటో అలర్జీ వస్తుందన్నది బాగా రుజువైన విషయం. ఐరోపాలో మందుల సంస్థ 2010లో దీన్ని పరిశీలించి, డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలని, వాడుతున్నన్నాళ్లూ, ఆపాక రెండు వారాలూ రాసిన చోట ఎండ తగలనివ్వొద్దని చెప్పింది. ఆ జెల్‌తో అలర్జీ వచ్చినవాళ్లలో చాలామందికి ఆక్టోక్రిలీన్ కూడా పడదు. ఆక్సీబెంజోన్ కూడా బెంజోఫినోన్ జాతిదే, కీటోప్రొఫెన్‌కి దగ్గరి చుట్టం. అందుకే ఐరోపాలో ఆ జెల్ రాసిన చోట ఆక్టోక్రిలీన్ ఉన్న క్రీము వద్దని కూడా చెప్తారు.

ఈ జత గురించి కౌంటర్ దగ్గర చెప్పేవాళ్లు తక్కువ. జెల్ ఒకరు అమ్ముతారు, క్రీము ఇంకొకరు అమ్ముతారు. మీ మెడ మీద ఈ రెండూ కలిశాయి. జెల్ కూడా ఆపండి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు ట్యూబులూ పట్టుకెళ్లండి.

చర్మం_పీజీ | విజయనగరం

డెర్మటాలజీ చదువుతున్నాను. రాజాం ఫార్మసీ గారు చెప్పింది సరిగ్గా చెప్పారు. ఏ పదార్థం పడట్లేదో తేల్చాలంటే ఫోటోప్యాచ్ టెస్ట్ ఉంటుంది. అనుమానం ఉన్న పదార్థాలు రెండేసి జతలుగా వీపు మీద అతికించి, ఒక జతకి ఎండలో ఉండే యూవీఏ కిరణాలు తగిలించి, ఇంకో జతని కప్పి ఉంచుతారు. కిరణాలు తగిలిన వైపే ఎర్రబడితే ఫోటో అలర్జీ. రెండు వైపులా ఎర్రబడితే ఎండతో పనిలేని మామూలు అలర్జీ. అన్ని ఆసుపత్రుల్లో ఈ సదుపాయం ఉండదు, పెద్ద ఆసుపత్రికి పంపుతారు.

బొబ్బిలి పెద్దమ్మగారూ, మీ తువ్వాలు, పాత చొక్కా నేను రోజూ రోగులకి చెప్పే మందే. గుడ్డని మించిన సన్‌స్క్రీన్ లేదు. పసుపు, గంధం మాత్రం ఎండని ఆపలేవు. నిమ్మరసం కలిపి రాసుకుని ఎండలోకి వెళ్తే ఇంకా ప్రమాదం, బొబ్బలెక్కి నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. డి విటమిన్ సంగతికొస్తే, మనం మామూలుగా రాసుకునే తీరులో సన్‌స్క్రీన్ వల్ల అది పెద్దగా తగ్గదని పరిశోధనలు చూపించాయి. మొహం, మెడ కప్పుకున్నా చేతులకీ కాళ్లకీ ఎండ తగులుతూనే ఉంటుంది కదా. మొక్కు మీద, నమ్మకం మీద నేనేమీ అనడం లేదు.

సోంపేట_కొబ్బరితోట | సోంపేట

నాకు ఇంకో భయం ఉంది. మాది ఉద్దానం. మా నాన్నకి డయాలసిస్ నడుస్తోంది. మా పక్క ఇంట్లో ఒకరు, వెనక వీధిలో ఇద్దరు ఇదే జబ్బుతో పోయారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకే ఒంట్లోకి కొత్తగా ఏ రసాయనం వెళ్తుందన్నా మాకు గుండె జారిపోతుంది. మా చెల్లి కాలేజీకి వెళ్తూ సన్‌స్క్రీన్ రాస్తుంది. రక్తంలోకి వెళ్తుందన్న మాట నిజమా కాదా? వెళ్తే కిడ్నీలకి ఏమవుతుంది? సర్దిచెప్పకుండా నిజం చెప్పండి.

చర్మం_పీజీ | విజయనగరం

తమ్ముడూ, మీ ఊరివాళ్లు ఈ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్తాను.

రక్తంలోకి వెళ్తుందన్నది నిజం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏవాళ్లు 2019లో 24 మందికి ఒంట్లో ముప్పావు భాగానికి, రోజుకి నాలుగుసార్లు, నాలుగు రోజులు సన్‌స్క్రీన్ రాసి రక్తం పరీక్షించారు. అవోబెంజోన్, ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్, ఎకామ్‌సూల్ నాలుగూ మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాముల గీత దాటాయి. ఆక్సీబెంజోన్ అయితే వంద నానోగ్రాములు దాటింది. 2020లో 48 మందితో మళ్లీ చేశారు. హోమోసలేట్, ఆక్టిసలేట్, ఆక్టినాక్సేట్ కూడా గీత దాటాయి.

ఇక్కడే వీడియోలవాళ్లు సగం చెప్పి ఆపేస్తారు. ఆ 0.5 అన్నది విషం మొదలయ్యే గీత కాదు. అంతకన్నా ఎక్కువ ఒంట్లోకి వెళ్తే కంపెనీ భద్రతా పరీక్షలు ఇంకా చేసి చూపించాలి అన్న గీత. ఇందాకటి పరీక్ష చేసిన ఎఫ్‌డీఏయే సన్‌స్క్రీన్ మానొద్దని కూడా చెప్పింది. 2019లోనే వాళ్లు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండింటినీ సురక్షితం జాబితాలో పెట్టాలని, పాబా, ట్రోలమైన్ సాలిసిలేట్ అనే రెండింటిని పక్కన పెట్టాలని, మిగతా పన్నెండింటికి ఇంకా సమాచారం కావాలని ప్రతిపాదించారు. అవోబెంజోన్ మొదలైనవన్నీ ఆ పన్నెండులోనే ఉన్నాయి. ఐరోపా 2022లో ఆక్సీబెంజోన్‌ని మొహం, చేతులు, పెదవుల క్రీముల్లో 6 శాతానికి, ఒంటికి రాసేవాటిలో 2.2 శాతానికి పరిమితం చేసింది. అంటే ఆక్సీబెంజోన్ మీద అనుమానం ఉత్తిది కాదు. దాన్ని వదిలేయమని నేనూ చెప్తాను. దాని బదులు వాడుకోడానికి మంచివి చాలా ఉన్నాయి.

మొహానికీ మెడకీ రాసే కాస్త సన్‌స్క్రీన్‌తో కిడ్నీలు పాడయ్యాయన్న రుజువు లేదు. అయినా మీ మనసు ఒప్పుకోకపోతే చెల్లికి జింక్ ఆక్సైడ్ క్రీము కొనివ్వండి. అది చర్మం పైపొర దాటి లోపలికి దాదాపుగా వెళ్లదు. నాన్నగారి విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తాను. డాక్టరుకి చెప్పకుండా నొప్పుల మాత్ర ఒక్కటి కూడా వేయొద్దు.

కిడ్నీకి నిజంగా దెబ్బ తగిలింది వేరే క్రీములతో. కేరళ మలప్పురం జిల్లాలో పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు రాసుకున్నవాళ్లకి మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వచ్చిందని అక్కడి డాక్టర్లు 2023లో బయటపెట్టారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. మొదట మూత్రంలో నురగ, కాళ్ల వాపు. మన దేశంలో కంటి చుట్టూ రాసేవి కాక మిగతా సౌందర్య సాధనాల్లో పాదరసం పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదని 2020 నిబంధనలు చెప్తున్నాయి. లేబుల్ లేని డబ్బా అమ్మేవాళ్లు ఏ నిబంధనా పాటించరు. మీ ఊళ్లో ఆడపిల్లలు రాసుకునే డబ్బాలు ఒకసారి తిప్పి చూడండి. భయపడాల్సింది వాటికి.

కాశీబుగ్గ_రాణి | కాశీబుగ్గ

పీజీ అక్కా, మీ పోస్టు చదివాక చేతులు వణికాయి. మా వీధిలో ఒకరు ప్లాస్టిక్ డబ్బీల్లో క్రీము అమ్ముతారు. వారంలో తెల్లబడతారని చెప్తారు. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే మా పిల్లలు నలుగురైదుగురు వాడుతున్నారు. మొహాలు నిజంగానే తెల్లగా అయ్యాయి. ఇప్పుడు ఎండలోకి వెళ్తే మొహం కాలిపోతోందంటున్నారు. సన్‌స్క్రీన్ రాసినా మంటే.

చర్మం_పీజీ | విజయనగరం

రాణిగారూ, అంత త్వరగా తెల్లబడితే అందులో స్టెరాయిడో, పాదరసమో ఉండొచ్చు. స్టెరాయిడ్‌తో చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఏం రాసినా మండుతుంది. సన్‌స్క్రీన్ పడలేదని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ కథ చాలామందికి ఉంటుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో పెట్టింది. అయినా డబ్బీల్లో కలిపి అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు.

ఆ పిల్లలని ఒక్కసారిగా ఆపేయమనకండి, మొహం ఇంకా మండిపోతుంది. ఆ డబ్బీతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎలా మానిపించాలో అక్కడ చెప్తారు. మూత్రం పరీక్ష కూడా అడగండి.

కాశీబుగ్గ_రాణి | కాశీబుగ్గ

ఈ ఆదివారమే తీసుకెళ్తాను అక్కా. వాళ్ల అమ్మలతో నేనే మాట్లాడతాను.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

నేను కెమిస్ట్రీ చెప్తాను, కాబట్టి పదార్థాల గురించి రెండు మాటలు. ఎండలో మన దాకా వచ్చే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు. యూవీబీ చర్మాన్ని కాలుస్తుంది. యూవీఏ ఇంకా లోపలికి దిగి నలుపు, ముడతలు తెస్తుంది, బస్సు అద్దం గుండా కూడా వస్తుంది. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీ గురించే. 15 ఉంటే సుమారు 93 శాతం, 30 ఉంటే 97, 50 ఉంటే 98 శాతం ఆపుతుంది. 30కీ 50కీ మధ్య పరీక్ష గదిలో తేడా అంతే. యూవీఏ కోసం ట్యూబు మీద పీఏ అన్న అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు చూడాలి.

కెమికల్ ఫిల్టర్, అంటే అవోబెంజోన్ లాంటి కిరణాలని ఆపే రసాయనం, కిరణాన్ని పీల్చుకుని వేడిగా మార్చి వదిలేస్తుంది. జింక్, టైటానియం అద్దంలా తిప్పికొడతాయని అందరూ అంటారు గానీ, అవి కూడా ఎక్కువగా చేసేది పీల్చుకోవడమే. అవోబెంజోన్ యూవీఏకి మంచిదే గానీ ఎండలో తొందరగా విరిగిపోతుంది. ఆక్టోక్రిలీన్ జత చేస్తే నిలబడుతుంది, ఆక్టినాక్సేట్ జత చేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. ఇక్కడ మొదట అడిగినామె ట్యూబులో ఈ మూడూ ఉన్నాయి! అలర్జీ లేకపోయినా ఆ కూర్పుని నేను ఎంచుకోను. కొత్తగా వచ్చిన బెమోట్రిజినాల్, బిసాక్ట్రిజోల్ లాంటివి పెద్ద అణువులు. ఎండకి నిలబడతాయి, చర్మంలోకి దిగేది చాలా తక్కువ. లేబుల్ మీద బెమోట్రిజినాల్ పేరు పెద్దగా ఉంటుంది, చివర ట్రయజైన్ అని వస్తుంది. మన షాపుల్లో కూడా దొరుకుతున్నాయి.

ట్యూబుని బండి డిక్కీలో పెట్టకండి, వేడికి పాడవుతుంది. తేదీ దాటినది వాడకండి. ఆక్టోక్రిలీన్ పాతబడేకొద్దీ అందులో హాని చేస్తుందని అనుమానం ఉన్న బెంజోఫినోన్ పెరుగుతుందని 2021లో తేలింది.

ఇంకో మాట. కెమికల్ ఫిల్టర్లు పనికిరావన్న వాదన నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో నంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి నాలుగున్నరేళ్లు 1,600 మందికి పైగా మీద పరీక్ష జరిగింది. రోజూ రాసినవాళ్లలో స్క్వేమస్ రకం చర్మ క్యాన్సర్లు 40 శాతం దాకా తగ్గాయి. అక్కడ వాడింది అవోబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న కెమికల్ సన్‌స్క్రీనే. అది తెల్లచర్మం ఉన్న జనం మీద చేసినది. మనకి ఆ క్యాన్సర్ చాలా తక్కువ, మన బాధ నలుపు మచ్చలు, మంగు.

గరివిడి_అమ్మ | గరివిడి

మంగు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా మంగు వచ్చేసింది. ఎస్‌పీఎఫ్ 50 రాస్తున్నా తగ్గలేదు. పాపకి పాలిస్తున్నాను. ఏది వాడొచ్చు?

చర్మం_పీజీ | విజయనగరం

అమ్మా, మన రంగు చర్మానికి అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగుని పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్, కెమికల్‌దైనా జింక్‌దైనా, ఆ వెలుతురుని సరిగ్గా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్లు కలిపిన రంగు సన్‌స్క్రీన్ ఆపుతుంది. టింటెడ్ అని రాసి ఉంటుంది. మీ చర్మం రంగుకి కలిసేది తీసుకుంటే జింక్ వల్ల వచ్చే తెల్లటి పూత కూడా కనపడదు. పాలిచ్చే తల్లికి జింక్, టైటానియం, ఐరన్ ఆక్సైడ్ ఉన్నదే నేను చెప్తాను. హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల క్రీము ఎవరైనా ఇస్తామన్నా సొంతంగా వాడొద్దు. ఆరు నెలల లోపు పాపకి ఏ సన్‌స్క్రీనూ వద్దు, నీడ, పలచటి నూలు బట్ట చాలు.

చింతపల్లి_తీరం | పూసపాటిరేగ

మేం వేటకి వెళ్లేవాళ్లం. పైన ఎండ, కింద నీళ్ల మెరుపు. ఎవరూ మాకు ఈ క్రీముల గురించి చెప్పరు. యాభై గ్రాముల ట్యూబు ఎన్నాళ్లొస్తుంది? మూడు నాలుగు వందలు పెట్టి కొనాలంటే లెక్క చూసుకోవాలి కదా.

రాజాం_ఫార్మసీ | రాజాం

మావయ్యా, లెక్క ఇదీ. చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడుగునా గీత గీసినంత క్రీము మొహానికీ మెడకీ కావాలి. అంటే గ్రాము పైనే. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. రోజుకి రెండుసార్లే రాసినా యాభై గ్రాములు నెల్లాళ్లు రావు. బఠాణీ గింజంత రాస్తే డబ్బా మీది ఎస్‌పీఎఫ్‌లో చాలా భాగం మీకు అందదు. అందుకే ఒళ్లంతా పొడుగు చేతుల చొక్కాతో, మెడ వెనక తువ్వాలుతో కప్పేసి, ముక్కు, బుగ్గలు, పెదవులు, చెవుల మీద మాత్రమే జింక్ క్రీము మందంగా రాయండి. నీళ్లకి పోనిది అడగండి, వాటర్ రెసిస్టెంట్ అని ఉంటుంది. స్ప్రేలు వద్దు, గాలికి సగం సముద్రంలోకే పోతుంది.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

సముద్రం మాట వచ్చింది కాబట్టి, పగడపు దిబ్బలకి హాని అని హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2021 జనవరి 1 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకం ఆపేసింది.

టెక్కలి_స్కూటీ | టెక్కలి

డాక్టరుగారు చూశారు. రెండు ట్యూబులూ చూపించాను. జెల్ వల్లే మొదలై ఉంటుందని, మందు రాసిచ్చి, తగ్గాక ఫోటోప్యాచ్ చేయించమన్నారు. అప్పటిదాకా ఆక్టోక్రిలీన్, ఆక్సీబెంజోన్ పేర్లున్నవి ముట్టొద్దన్నారు. షాంపూల్లో, లిప్‌బామ్‌ల్లో, సెంట్లలో కూడా ఉంటాయట, చూసుకుని కొనమన్నారు. అత్తయ్యగారికి కూడా మోకాళ్లు కప్పుకోకుండా పెరట్లో ఎండలో కూర్చోవద్దని చెప్పాను. రాజాం అన్నయ్యకి, పీజీగారికి దణ్ణాలు.

పొందూరు_నేత | పొందూరు

ఇంత చర్చ జరిగింది కాబట్టి నాదీ ఒకటి. మా అబ్బాయి సన్‌స్క్రీన్ మొదలుపెట్టాక తెల్ల ఖద్దరు చొక్కాల కాలర్లు తుప్పు రంగులో పచ్చబడుతున్నాయి. బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదిరింది. వందో నంబరు నూలు, పారేయడానికి మనసొప్పడం లేదు.

నాగావళి_గట్టు | శ్రీకాకుళం

అది అవోబెంజోన్ పని. బోరు నీళ్లలో ఉండే ఇనుముతో కలిసి ఆ రంగు పడుతుంది. అందుకే బ్లీచింగ్‌కి ముదురుతుంది. మరక మీద నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లు పోసి కాసేపు నాననిచ్చి, ఇనుము లేని మంచినీళ్లతో జాడించండి. బ్లీచింగ్ వేసిన గుడ్డని ముందు బాగా జాడించాకే నిమ్మ ఉప్పు వాడండి, రెండూ కలిస్తే ఘాటైన విషవాయువు వస్తుంది. అబ్బాయికి అవోబెంజోన్ లేని క్రీము కొనండి. అదే వాడతానంటే పూర్తిగా ఆరాకే చొక్కా వేసుకోమనండి.